పాత బస్సు ఏసీకి ఏ గ్యాస్ వేయాలి, ఎలా చూసుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత బస్సు కొన్నవాళ్లు, ఉన్న పాత బస్సును ఇంకొన్నాళ్లు నడుపుకుందాం అనుకునేవాళ్లు ఏసీ గురించి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. పాత బస్సు అంటే ఇక్కడ నా ఉద్దేశం, ఇంజిన్‌తో బెల్టు మీదో షాఫ్టు మీదో తిరిగే పెద్ద కంప్రెసర్ ఉండి, ఆర్-12, ఆర్-22, ఆర్-134ఏ గ్యాసుల్లో ఏదో ఒకదానితో నడిచేది. ఎలక్ట్రిక్ బస్సుల సంగతి వేరు, వాటి జోలికి వెళ్లట్లేదు.

ఏసీ చల్లగా రావట్లేదు. గ్యాస్ కొట్టిస్తే సరిపోతుందా?

సరిపోవచ్చు, కానీ సిలిండర్ దాకా వెళ్లేది చివర్లో. గ్యాస్ డీజిల్‌లా వాడేకొద్దీ అయిపోయేది కాదు, పైపుల్లోనే తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాటే. "ఏటా గ్యాస్ కొట్టించాలండీ, అది మామూలే" అని ఎవరైనా చెబితే, ఏటా డబ్బు పోసి ఆ లీకును మేపుతున్నారని అర్థం.

ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. రిటర్న్ గాలి ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందా, కండెన్సర్ (వేడిని బయటికి వదిలే కాయిల్) రెక్కల మధ్య మట్టి, నూనె జిడ్డు పేరుకుందా, బెల్టు జారుతోందా, కంప్రెసర్ క్లచ్ పూర్తిగా పట్టుకుంటోందా. కండెన్సర్ ఫ్యాన్లు అన్నీ తిరుగుతున్నాయో లేదో కూడా చూడండి. నాలుగైదు ఫ్యాన్లలో ఒకటి ఆగిపోతే ఆ ఒక్కదాని గాలే పోయిందిలే అనుకుంటారు, నిజానికి మిగతా ఫ్యాన్లు ఆ ఆగిన ఫ్యాన్ కన్నంలోంచే గాలి లాక్కుంటాయి, కాయిల్ గుండా వెళ్లాల్సిన గాలి పక్కదారి పడుతుంది, హై సైడ్ (కంప్రెసర్ దాటాక కండెన్సర్ వైపు) ప్రెషర్ పెరిగిపోతుంది.

పాత బస్సుల్లో ఇంకో దొంగ ఉంటాడు, హీటర్ వాటర్ వాల్వ్. చాలా బస్సుల్లో హీటర్ కాయిల్, కూలింగ్ కాయిల్ ఒకే పెట్టెలో పక్కపక్కనే ఉంటాయి. ఇంజిన్ వేడినీళ్లను ఆపాల్సిన వాల్వ్ సరిగ్గా మూసుకోకపోతే ఒక కాయిల్ చల్లబరిచిన గాలిని రెండోది మళ్లీ వేడి చేస్తుంది. గేజుల్లో చూస్తే ప్రెషర్లు బాగానే ఉంటాయి, సీట్ల మీదికి మాత్రం గోరువెచ్చటి గాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఏసీ వేసి, వాల్వ్ దాటిన తర్వాత కాయిల్‌లోకి వెళ్లే రబ్బరు హోస్‌ను జాగ్రత్తగా తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే గ్యాస్ గురించి ఆలోచించడం ఆపేసి వాల్వ్ బాగు చేయించండి.

మా బస్సులో ఏ గ్యాస్ ఉందో ఎలా తెలుస్తుంది?

కంప్రెసర్ దగ్గరో, కండెన్సర్ తలుపు లోపలో యూనిట్ ప్లేట్ ఉంటుంది, దాని మీద గ్యాస్ పేరు, ఎన్ని కిలోలు పడుతుందో రాసి ఉంటుంది. అయితే అది ఫ్యాక్టరీలో వేసింది, తర్వాత చేతులు మారిన బస్సులో ఎవరేం వేశారో ఆ ప్లేట్‌కి తెలియదు. మార్చినవాళ్లు బుద్ధిగా కొత్త స్టిక్కర్ అంటించి ఉంటే అదృష్టం.

గేజు, గ్యాస్ గొట్టం తగిలించే సర్వీస్ పోర్టులు కొంత చెబుతాయి. లో సైడ్‌కి (గ్యాస్ కంప్రెసర్‌కి తిరిగొచ్చే వైపుకి) 13 మిల్లీమీటర్లు, హై సైడ్‌కి 16 మిల్లీమీటర్ల క్విక్ కప్లర్ పోర్టులుంటే అది ఆర్-134ఏ కోసం పెట్టినవి. మరతో బిగించే పాతకాలపు పావు అంగుళం ఫ్లేర్ పోర్టులుంటే మాత్రం ఏదీ తేల్చి చెప్పలేం, ఎందుకంటే పెద్ద బస్సు కంప్రెసర్ల సర్వీస్ వాల్వులకు 134ఏ యూనిట్లలో కూడా అవే ఉండొచ్చు.

నమ్మకంగా చెప్పేది రిఫ్రిజెరాంట్ (ఏసీ గ్యాస్) ఐడెంటిఫైయర్ అనే పరికరం ఒక్కటే. మంచి వర్క్‌షాపుల్లో ఉంటుంది, పాత బస్సు కొనేముందు ఒకసారి పెట్టించడం ఖర్చు కాదు.

గేజు పెట్టి ప్రెషర్ చూసి గ్యాస్ కనిపెట్టొచ్చు అంటారు, నిజమేనా?

సగం నిజం. బస్సును నీడలో చాలా గంటలు ఆపేసి, ఇంజిన్, పైపులు అన్నీ బయటి వేడికి వచ్చాక గేజు పెడితే, లోపల కొంత ద్రవం మిగిలి ఉన్నంతవరకు ప్రెషర్ ఆ వేడికి తగ్గట్టే ఉంటుంది. సుమారుగా ఇలా ఉంటుంది, అన్నీ గేజు మీద పీఎస్ఐలో:

| వేడి | ఆర్-12 | ఆర్-134ఏ | ఆర్-22 |
|---|---|---|---|
| 20 డిగ్రీలు | 67 | 68 | 117 |
| 30 డిగ్రీలు | 93 | 97 | 158 |
| 40 డిగ్రీలు | 125 | 133 | 208 |

ఆర్-22ను ఇట్టే పట్టేయొచ్చు. ఆర్-12, ఆర్-134ఏల మధ్య తేడా మాత్రం గేజు ముల్లు వణుకులోనే కలిసిపోతుంది, కాబట్టి ప్రెషర్ చూసి ఆ రెండింటినీ విడదీయకండి.

ఈ పట్టికకు ఇంకో ఉపయోగం ఉంది. గ్యాస్ ఏదో ఖాయంగా తెలిసి, ఆగి ఉన్న బస్సులో ప్రెషర్ ఇక్కడున్న దానికంటే బాగా ఎక్కువ చూపిస్తే లోపల గాలి చేరినట్టు, లేదా వేరే గ్యాస్ కలిసినట్టు. రెండింటిలో ఏదైనా మందు ఒకటే, మొత్తం తీసేసి, వ్యాక్యూమ్ చేసి (పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి), శుభ్రమైన గ్యాస్ వేయడం. ఒక హెచ్చరిక, ఈ ప్రెషర్ సరిగ్గా ఉందంటే గ్యాస్ నిండుగా ఉందని కాదు. ఒక్క కిలో ఉన్నా, ఆరు కిలోలున్నా, ద్రవం మిగిలి ఉన్నంతసేపు ముల్లు ఒకే చోట నిలబడుతుంది.

మాది ఆర్-12 బస్సు. ఇంకా నడుస్తోంది. ఇప్పుడే మార్చేయాలా?

లీకు లేకుండా చల్లగా నడుస్తుంటే ముట్టుకోకండి. ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం వల్ల అభివృద్ధి చెందిన దేశాలు 1995 చివరికి, వర్ధమాన దేశాలు 2010కి ఆర్-12 తయారీ ఆపేశాయి. ఉన్న యూనిట్‌లో ఉన్న గ్యాస్‌తో నడుపుకోవడం వేరు, కొత్తగా గ్యాస్ దొరకడం వేరు. దొరికేది పాత నిల్వో, పాత యూనిట్లలోంచి తీసి శుభ్రం చేసిందో.

అందుకే నా సలహా, కంప్రెసర్ పోయేదాకానో, పెద్ద లీకు వచ్చేదాకానో ఆగండి. ఎలాగూ యూనిట్ విప్పాల్సిన రోజున ఒకేసారి ఆర్-134ఏకి మార్చుకుంటే డ్రైయర్ (లోపలి తేమ పీల్చేది), ఆయిల్, వ్యాక్యూమ్ ఖర్చు రెండుసార్లు పడదు. ఆ రోజు ఉన్న ఆర్-12ను గాల్లోకి వదిలేయకుండా రికవరీ సిలిండర్‌లోకి తీయించండి, చాలా దేశాల్లో వదిలేయడం నేరం కూడా.

ఆర్-12 నుంచి ఆర్-134ఏకి మార్చడమంటే అసలేం చేస్తారు?

పాత గ్యాస్ తీసి కొత్తది కొడితే అయిపోయింది అనేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర చేయించకండి. అసలు పేచీ గ్యాస్‌తో కాదు, ఆయిల్‌తో. ఆర్-12తో వాడే మినరల్ ఆయిల్ ఆర్-134ఏలో కరగదు. కంప్రెసర్‌లోంచి గ్యాస్‌తో పాటు బయటికెళ్లిన ఆయిల్ మళ్లీ తిరిగి రావాలంటే గ్యాస్‌లో కరగాలి. కరగకపోతే కాయిల్ అడుగున, కంప్రెసర్‌కి తిరిగొచ్చే పొడవాటి సక్షన్ లైన్ వంపుల్లో చేరి కూర్చుంటుంది, బస్సు లైన్లు కారు లైన్లకంటే ఎన్నో రెట్లు పొడుగు కాబట్టి ఇక్కడ ఈ బాధ ఎక్కువ. కొన్నాళ్లకు కంప్రెసర్ ఆయిల్ లేక పట్టేస్తుంది.

కాబట్టి మినరల్ ఆయిల్ వంచేసి ఎస్టర్ ఆయిల్, అంటే పీఓఈ పోయాలి. పీఏజీ అనే ఇంకో రకం ఆయిల్ కూడా 134ఏకి సరిపోయేదే, కానీ పాత ఆర్-12 యూనిట్‌లో మిగిలిపోయే మినరల్ ఆయిల్, క్లోరిన్ అవశేషాలతో దానికి అంతగా పడదు, మార్పు చేసేచోట పీఓఈయే నయం. కంప్రెసర్ తయారీదారు ఫలానా గ్రేడ్ అని చెప్పి ఉంటే అదే. ఒకసారి వంచితే పాత ఆయిల్ అంతా పోదు, కాసేపు నడిపి మళ్లీ వంచి పోయాలి, మిగిలిన మినరల్ ఆయిల్ 5 శాతం లోపుకు రావాలనేది మామూలు లెక్క.

డ్రైయర్ తప్పనిసరిగా మార్చాలి, పాత డ్రైయర్‌లోని పదార్థం 134ఏకి పనికిరాదు, కొత్తది కొనేటప్పుడు 134ఏకి సరిపోయేదా అని అడగండి. విప్పిన ప్రతి జాయింట్‌లో ఓ-రింగు కొత్తది, హెచ్ఎన్‌బీఆర్ అనే రబ్బరు రకం వేయాలి. పాత మామూలు రబ్బరు హోసుల గోడల్లోంచి 134ఏ ఆర్-12 కన్నా ఎక్కువగా జారిపోతుంది, లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ హోసులు వేయించడం మంచిది. కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ చాలావరకు పాతదే పనిచేస్తుంది, సూపర్‌హీట్ (మరిగాక గ్యాస్ ఇంకా ఎన్ని డిగ్రీలు వేడెక్కిందో) కొలిచి కాస్త సర్దితే చాలు. ప్రెషర్ మరీ పెరిగితే కంప్రెసర్‌ని ఆపే హై ప్రెషర్ కటౌట్ స్విచ్ ఉందా, పనిచేస్తోందా చూసుకోండి, లేకపోతే పెట్టించండి. పోర్టులకు 134ఏ అడాప్టర్లు, దానితో పాటు తేదీ, గ్యాస్ పేరు, ఎన్ని కిలోలు, ఏ ఆయిల్ అని రాసిన స్టిక్కర్. ఆ స్టిక్కర్ తర్వాతి మెకానిక్‌కి మీరు చేసే పెద్ద ఉపకారం.

గ్యాస్ బరువు పాత లెక్కలో 80 నుంచి 90 శాతం మాత్రమే పడుతుంది. 10 కిలోల ఆర్-12 పట్టే చోట 8 కిలోలతో మొదలుపెట్టి, గేజులు చూస్తూ మెల్లగా పెంచాలి.

మార్చాక చల్లదనం తగ్గుతుందా?

మామూలు ఎండలో పెద్దగా తెలియదు. మండుటెండలో, ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు తెలుస్తుంది, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ 134ఏ ప్రెషర్ ఆర్-12 కన్నా పైకి వెళుతుంది. దానికి మందు ఎక్కువ గ్యాస్ కొట్టడం కాదు, కండెన్సర్‌ను శుభ్రం చేసి గాలి బాగా పారేలా చూడటం. కండెన్సర్ అంచుల దగ్గర స్పాంజి పట్టీలు ఊడిపోయి వేడి గాలి మళ్లీ లోపలికే తిరుగుతుంటే ముందు వాటిని అతికించండి. ఫ్యాన్ మోటార్ల దగ్గర వోల్టేజ్ కొలిచి చూడండి, తుప్పు పట్టిన ఎర్త్ వైరు వల్ల 24 వోల్టుల ఫ్యాన్‌కి 20 కూడా అందకపోతే అది తిరుగుతున్నట్టే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు.

మాది ఆర్-22 బస్సు. దీనికేం దారి?

ఆర్-22 గడువు ఆర్-12 కన్నా ఆలస్యం. అభివృద్ధి చెందిన దేశాల్లో 2020తో కొత్త తయారీ దాదాపు ఆగింది, వర్ధమాన దేశాలకు 2030 గడువు, ఆ తర్వాత 2040 దాకా పాత యూనిట్ల సర్వీసుకు మాత్రం చాలా కొద్దిగా అనుమతి. కాబట్టి ఇక్కడ కూడా ముందు లీకు కట్టించండి, గ్యాస్ మార్పు తర్వాత.

మార్చాల్సి వస్తే రెండు దారులు. ఆర్-407సీ వేస్తే చల్లదనం, ప్రెషర్లు ఆర్-22కి దగ్గరగా ఉంటాయి, కంప్రెసర్ అదే సరిపోతుంది, కానీ ఆయిల్ పీఓఈకి మార్చాలి. ఇది మూడు గ్యాసుల మిశ్రమం, కాబట్టి సిలిండర్‌లోంచి ద్రవంగానే తీయాలి, ఆవిరిగా తీస్తే ముందు తేలికవి వచ్చేసి లోపల పాళ్లు మారిపోతాయి. మరిగేటప్పుడు వేడి ఒకచోట నిలబడకుండా 5 నుంచి 7 డిగ్రీలు జారుతుంది, సూపర్‌హీట్ లెక్క వేసేటప్పుడు చార్టులో సరైన గడి చూడకపోతే లెక్క తప్పుతుంది.

రెండోది ఆర్-134ఏ. ప్రెషర్లు చాలా తక్కువ, హోసులకు, సీళ్లకు హాయి. చిక్కేమిటంటే అదే కంప్రెసర్, అదే వేగంలో ఆర్-22 ఇచ్చిన చల్లదనంలో మూడో వంతుకు పైగానే తగ్గిపోతుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా మార్చాలి. కంప్రెసర్ పెద్దది వేయడమో పుల్లీ మార్చి వేగం పెంచడమో చేయకుండా ఇది చేస్తే ప్రయాణికులు తిడతారు. నన్నడిగితే వేడి ప్రాంతంలో నడిచే బస్సుకు 407సీ వైపే మొగ్గుతాను.

ఆర్-12 దొరకట్లేదని దాని బదులు ఆర్-22 వేశామంటున్నారు. పర్లేదా?

పర్లేదు కాదు. పై పట్టిక చూడండి, 40 డిగ్రీల దగ్గర ఆగి ఉన్నప్పుడే 208 ఎక్కడ, 125 ఎక్కడ. నడిచేటప్పుడు కండెన్సర్‌లో ఇంకా పెరుగుతుంది. ఆర్-12 కోసం చేసిన హోసు, సీలు, క్లచ్, బెల్టు దానికి తట్టుకోవు. ఎవరైనా ఇప్పటికే వేసేసి ఉంటే, హోసు పగిలేదాకా ఆగకుండా తీయించేయండి.

"డ్రాప్-ఇన్" గ్యాసులు ఉన్నాయి, ఆయిల్ కూడా మార్చక్కర్లేదు అంటున్నారు?

ఉన్నాయి, ఆర్-12 బదులు కొన్ని, ఆర్-22 బదులు కొన్ని, ఆర్-422డీ, ఆర్-438ఏ లాంటివి. మినరల్ ఆయిల్‌తో నెట్టుకొచ్చేలా వాటిలో కొద్దిగా హైడ్రోకార్బన్ కలుపుతారు. గోడకు బిగించిన చిన్న యూనిట్లలో బాగానే నడుస్తాయేమో కానీ, బస్సులో పొడవాటి లైన్లు, క్షణక్షణం మారే కంప్రెసర్ వేగం, దీంట్లో ఆయిల్ తిరిగి రావడం అంత ఖాయం కాదు, చల్లదనం కూడా కొంత పోతుంది. ఇంకో తలనొప్పి, లీకయ్యాక లోపల మిగిలిన మిశ్రమంలో పాళ్లు ఏమయ్యాయో చెప్పలేం. ఊరు దాటి ఆగిపోయిన బస్సుకు అక్కడి మెకానిక్ దగ్గర ఆ గ్యాసే ఉండాలి, ఉండదు. పేరున్న ఒక గ్యాస్‌కి మార్చుకుని నిశ్చింతగా ఉండటం మేలు.

వంటగ్యాస్ రకం హైడ్రోకార్బన్ గ్యాస్ చవక, బాగా చల్లబరుస్తుంది. వేయొచ్చా?

బస్సులో వద్దు. చల్లబరచడం నిజమే, ప్రొపేన్, ఐసోబ్యుటేన్ మంచి రిఫ్రిజెరాంట్లే, వాటి కోసమే చేసిన చిన్న ఫ్రిజ్‌లో కొన్ని పదుల గ్రాములుంటాయి. బస్సు యూనిట్‌లో కిలోల లెక్క. ప్రొపేన్ గాలిలో 2 శాతం దాటితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఇప్పుడు ఆ కూలింగ్ కాయిల్ పక్కనే ఏముందో గుర్తు చేసుకోండి: బ్రష్‌లున్న బ్లోయర్ మోటార్లు, తిరిగినప్పుడల్లా రవ్వలు రాలుస్తూ, కాయిల్ మీదుగా వచ్చే గాలిలోనే. కాయిల్‌కి చిల్లుపడితే గ్యాస్ వెళ్లేది ప్రయాణికులున్న చోటికి. ఇక చెప్పేదేముంది.

కొత్త కార్లలో వాడే ఆర్-1234వైఎఫ్?

పాత బస్సుకు అక్కర్లేదు. భూతాపం మీద దాని ప్రభావం చాలా తక్కువ, నిజమే, కానీ ఖరీదెక్కువ, కొద్దిగా మండే గుణం ఉంది, పాత యూనిట్లను ఆ లెక్కతో డిజైన్ చేయలేదు.

ఆర్-134ఏ కూడా ఆపేస్తారంటున్నారు, అప్పుడెలా?

ఒక్కసారిగా ఆపరు. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ ప్రకారం 134ఏ లాంటి హెచ్ఎఫ్‌సీ గ్యాసులను దశాబ్దాల మీద మెల్లగా తగ్గిస్తారు, ఎందుకంటే ఓజోన్‌కు హాని లేకపోయినా ఒక కిలో 134ఏ వందేళ్ల లెక్కన సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఆర్-12కి ఆ అంకె 10,900. మీ పాత బస్సు ఆయుష్షు తీరేలోపు 134ఏ దొరకడం మానేస్తుందని టెన్షన్ పడనక్కర్లేదు, ధర పెరగొచ్చు. అందుకే లీకు మీద శ్రద్ధ పెట్టమంటున్నాను.

అసలు లీకు ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి?

ముందు కళ్లతో. గ్యాస్ కారే చోట ఆయిల్ కూడా వస్తుంది, ఆయిల్ ఉన్నచోట దుమ్ము అతుక్కుంటుంది. టార్చి పట్టుకుని ప్రతి జాయింటూ, హోసు చివర క్రింపు, వైబ్రేషన్‌కి ఒరుసుకునే చోట క్లాంపుల కింద చూడండి. నల్లగా తడిగా ఉన్న ధూళి మచ్చ కనిపిస్తే అనుమానం అక్కడే.

బస్సుల్లో ఎక్కువసార్లు దొరికే చోట్లు మూడు. మొదటిది కంప్రెసర్ షాఫ్టు సీలు. ఇంజిన్‌తో తిరిగే కంప్రెసర్ షాఫ్టు బయటికి రాక తప్పదు కాబట్టి అక్కడ సీలు అరుగుతూనే ఉంటుంది. ఆయిల్ ఒకటి రెండు చుక్కలు కనిపించడం తప్పు కాదు, కొన్ని కంప్రెసర్లలో దాన్ని పట్టడానికి చిన్న గొట్టమే పెడతారు. క్లచ్ చుట్టూ వలయంలా ఆయిల్ చిమ్మి ఉంటే మాత్రం సీలు పోయినట్టే. రెండోది సర్వీస్ వాల్వుల కాడ. ఆ కాడను స్పానర్‌తో తిప్పే చోట ప్యాకింగ్ మెల్లగా కారుతుంది, దాన్ని నిజంగా ఆపేది పైనుండే మూత. ఎవరో గేజు పెట్టి చూసి, మూత పారేసుకుని, కాడ అలాగే వదిలేసిన బస్సులు బోలెడు. ఇత్తడి మూత, లోపల వాషరుతో, గట్టిగా బిగిస్తే కొన్ని యూనిట్లలో లీకు సమస్య అక్కడితో తీరిపోతుంది. మూడోది కండెన్సర్ వంపులు, ముఖ్యంగా యూనిట్ బస్సు కింద పక్కన ఉంటే, రాళ్లు, ఉప్పు, బురద.

కంటికి దొరక్కపోతే సబ్బు నురగ, ఎలక్ట్రానిక్ డిటెక్టర్, లేదా యూవీ డై (యూవీ లైటు వేస్తే మెరిసే రంగు). గ్యాస్ మొత్తం పోయిన యూనిట్‌ని పొడి నైట్రోజన్‌తో ప్రెషర్ ఎక్కించి చూడాలి, సిలిండర్‌కి రెగ్యులేటర్ పెట్టి, ప్లేట్ మీద రాసిన పరిమితి దాటకుండా. ఆక్సిజన్‌తో ఎప్పుడూ వద్దు, ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. వర్క్‌షాపు కంప్రెసర్ గాలి కూడా వద్దు, తేమ ఒకటి, పైగా ప్రెషర్‌లో గాలితో కలిసిన 134ఏ మండగలదు.

లీకును లోపలినుంచి మూసేస్తామని చెప్పే సీలర్ డబ్బాలు వేయకండి. రికవరీ మెషీన్లు, ఐడెంటిఫైయర్లు పాడవుతాయని చాలా వర్క్‌షాపులు ఆ యూనిట్‌ని ముట్టుకోనంటాయి.

వ్యాక్యూమ్ ఎంతసేపు పెట్టాలి?

గంటల లెక్క కాదు, ఎంత లోతుకు వెళ్లిందన్నదే లెక్క. మామూలు గేజు మీద ముల్లు అడుగుకు వచ్చేసినా లోపల తేమ మిగిలే ఉంటుంది, మైక్రాన్ గేజు (లోతైన వ్యాక్యూమ్‌ను కొలిచేది) పెట్టి 500 మైక్రాన్ల కిందికి దించాలి. ఆ తర్వాత పంపు వాల్వ్ మూసి చూడండి. అంకె కొంచెం పెరిగి ఒకచోట ఆగితే ఇంకా తేమ ఉంది, ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీకు ఉంది. బస్సు లైన్ల పొడవుకి చిన్న పంపుతో, సన్నటి గేజు హోసులతో అరగంటలో ముగించానంటే నమ్మకండి. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి ఏసీ కాసేపు పనిచేసి కాసేపు ఆగుతుంది, గ్యాస్, ఆయిల్‌తో కలిసి యాసిడ్ తయారై కంప్రెసర్‌ని లోపలినుంచి తినేస్తుంది.

గ్యాస్ సరిపోయిందని ఎలా తెలుసుకోవాలి? సైట్ గ్లాసులో (లైన్‌లో పారే గ్యాస్ కనిపించే అద్దంలో) బుడగలు పోతే చాలా?

ఖాళీ యూనిట్‌కి తూకం వేసి నింపడమే పద్ధతి, ప్లేట్ మీద కిలోలు రాసే ఉంటాయి. బుడగలు చూసి నింపడం ఆర్-12, ఆర్-22 రోజుల అలవాటు. 134ఏకి మార్చిన యూనిట్లలో సరైన గ్యాస్ ఉన్నా కొన్ని బుడగలు రావచ్చు, అవి పోయేదాకా కొడితే ఎక్కువైపోతుంది, హై ప్రెషర్ స్విచ్ మాటిమాటికీ కట్ చేస్తుంది. 407సీతో కూడా బుడగలను నమ్మొద్దు. సైట్ గ్లాసులో మధ్య చుక్క రంగు మాత్రం తప్పక చూడండి, చాలా వాటిలో ఆకుపచ్చగా ఉంటే పొడి, పసుపుకు తిరిగితే తేమ. పక్కనే రంగుల గుర్తు ఉంటుంది.

నింపాక ఇంజిన్ కాస్త వేగంగా తిప్పి చూస్తే, 134ఏ బస్సులో లో సైడ్ 28 నుంచి 36 పీఎస్ఐ ఉంటే కాయిల్ 0 నుంచి 5 డిగ్రీల మధ్య మరుగుతున్నట్టు. హై సైడ్ బయటి వేడి 35 డిగ్రీలుంటే 180 నుంచి 200 అటూ ఇటూ. అంతకంటే చాలా పైకి పోతుంటే కండెన్సర్ వైపు చూడండి.

డ్రైయర్ మార్చాలంటే గ్యాస్ అంతా తీసేయాలా?

అక్కర్లేదు, పెద్ద యూనిట్లలో ఉన్న సుఖం ఇదే. రిసీవర్ (ద్రవంగా మారిన గ్యాస్ నిలవ ఉండే ట్యాంకు) బయటికెళ్లే వాల్వ్ మూసి, ప్రెషర్ పడిపోతే కంప్రెసర్‌ని ఆపే లో ప్రెషర్ స్విచ్‌ని తాత్కాలికంగా దాటవేసి కంప్రెసర్ నడిపితే గ్యాస్ అంతా వచ్చి రిసీవర్‌లో, కండెన్సర్‌లో చేరుతుంది. లో సైడ్ ఒకటి రెండు పీఎస్ఐకి వచ్చేసరికి ఆపేయాలి. వ్యాక్యూమ్‌లోకి లాగనిస్తే షాఫ్టు సీలు దగ్గర బయటి గాలిని పీల్చుకుంటుంది. ఆపాక ప్రెషర్ మళ్లీ పెరిగితే ఆయిల్‌లో కరిగిన గ్యాస్ బయటికొస్తోందని అర్థం, ఇంకోసారి లాగాలి. డ్రైయర్‌ని మూతలు తీసిన వెంటనే బిగించండి, టీ తాగొచ్చి బిగిద్దాం అంటే ఆ లోపు గాలిలోని తేమంతా అదే పీల్చేస్తుంది. ఆ భాగాన్ని వ్యాక్యూమ్ చేసి, స్విచ్ యథాస్థితికి తెచ్చి, వాల్వ్ తెరవండి.

పీఓఈ ఆయిల్ డబ్బాకీ ఇదే జాగ్రత్త. సగం వాడి మూత పెట్టి దాచిన డబ్బా మళ్లీ పనికిరాదు, చిన్న డబ్బాలు కొనుక్కోండి.

నకిలీ గ్యాస్ సిలిండర్లు ఉంటాయా?

ఉంటాయి, ప్రమాదకరం కూడా. 134ఏ అని చెప్పి మిథైల్ క్లోరైడ్, అంటే ఆర్-40 కలిపినవి అమ్మారు. అది అల్యూమినియంతో కలిస్తే గాలి తగలగానే దానంతటదే అంటుకునే పదార్థం పుడుతుంది. 2011లో వియత్నాం, బ్రెజిల్‌లలో శీతల కంటైనర్లు పేలి మనుషులు చనిపోయింది దీనివల్లే. మార్కెట్ ధరకంటే బాగా చవగ్గా వస్తే, సీలు అనుమానంగా ఉంటే కొనకండి. సిలిండర్ రంగు చూసి కూడా నమ్మకండి, రంగు ఎవరైనా వేస్తారు.

పని చేసేటప్పుడు జాగ్రత్తలు?

కళ్లద్దాలు, చేతి తొడుగులు ఎటూ ఉండాలి, ద్రవం చర్మం మీద పడితే అక్కడే గడ్డకట్టేస్తుంది. బస్సుకు ప్రత్యేకమైంది ఒకటుంది, సర్వీస్ గొయ్యి. ఈ గ్యాసులన్నీ గాలికంటే బరువు, వాసన కూడా దాదాపు తెలియదు, పెద్ద లీకైతే గొయ్యిలో నిండి అక్కడున్న మనిషికి ఊపిరాడదు. గొయ్యి మీద బస్సు నిలబెట్టి గ్యాస్ లైన్ విప్పొద్దు. గ్యాస్ మిగిలిన పైపు మీద వెల్డింగ్ మంట పెట్టొద్దు, ఆర్-12, ఆర్-22 మంటలో విషవాయువులవుతాయి. రికవరీ సిలిండర్‌ని 80 శాతం మించి నింపొద్దు. ఒకసారి వాడి పారేసే సిలిండర్లలో మళ్లీ నింపనే వద్దు.

చలికాలంలో, బస్సు ఆపేసిన నెలల్లో ఏం చేయాలి?

వారానికోసారి పది నిమిషాలు ఏసీ నడపండి. షాఫ్టు సీలు ఆయిల్‌తో తడిసి ఉంటేనే మూసుకుని ఉంటుంది, నెలల తరబడి ఆగితే ఎండి, వేసవిలో మొదటి రోజునే కారడం మొదలుపెడుతుంది. బయట మరీ చలిగా ఉండి లో ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని పడనివ్వకపోతే, బస్సు లోపల హీటర్‌తో కాస్త వెచ్చబెట్టి నడపండి.

ఇంత ఖర్చు ఎందుకు, మొత్తం పీకేసి కొత్త రూఫ్‌టాప్ యూనిట్ పెట్టేస్తే?

కంప్రెసర్, కండెన్సర్, కాయిల్ మూడూ ఒకేసారి పోయిన బస్సుకు అయితే ఆలోచించాల్సిందే. యూనిట్ ధర ఒక్కటే చూడకండి. పైకప్పు ఆ బరువు మోయడానికి కింద ఫ్రేమ్ కట్టాలి, కొత్త ఫ్యాన్లకు ఆల్టర్నేటర్ చాలకపోవచ్చు, పాత డక్టులకూ కొత్త యూనిట్ గాలి రంధ్రాలకూ పొత్తు కుదరాలి, బస్సు ఎత్తు పెరుగుతుంది కాబట్టి మీ షెడ్డు గుమ్మం, దారిలో తక్కువ ఎత్తు వంతెనలు కూడా కొలుచుకోవాలి. ఒక్క కంప్రెసరే పోయి మిగతావి బాగుంటే, అదే మోడల్‌ది రీబిల్ట్ చేసింది తెచ్చి, డ్రైయర్, ఆయిల్ మార్చి, లీకులు కట్టించి నడుపుకోవడమే చవక. కాలిపోయిన కంప్రెసర్ స్థానంలో కొత్తది బిగించే ముందు లైన్లు ఫ్లష్ చేయించారా, సక్షన్ లైన్‌లో ఫిల్టర్ పెట్టారా అని అడగండి. పాత కంప్రెసర్ రాల్చిన లోహపు పొడి లైన్లలోనే ఉండిపోతే కొత్తది కూడా ఆ సీజన్ దాటదు.